ఇల్లు కొనువారు – భూగర్భజల నివేదిక

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో గృహ సముదాయములు వెలయుచునే యున్నవి. ఇల్లు కొనువారు దస్తావేజులను వకీలునకు చూపుదురు. గోడలు తట్టి చూతురు. నేలక్రింది నీటి సంగతి మాత్రము బోరు ఎండిన పిదప గాని జ్ఞప్తికి రాదు.

20,000 చదరపు మీటర్లకు తక్కువ గాని కట్టడములకు 2006 నాటి ప్రకటన ననుసరించి ముందుగా పర్యావరణానుమతి పొందవలెను. అందుకై దాఖలు చేసిన నివేదికలో భూగర్భజల ప్రకరణము గలదు. దానిని చదువు విధమును మనము తెలిసికొందము.

మొదట నీటిమట్టము. భూమట్టమునకు దిగువ 5 మీటర్లనిన నీరు పైన నున్నదనియు, 20 మీటర్లనిన లోతున నున్నదనియు అర్థము. అంకె పెరిగినకొలది నీరు దిగినట్లే. కొలిచిన మాసమును తప్పక చూడవలెను. వానలు వెలసిన నవంబరు అంకె కన్నులకింపుగా నుండును. మే నెల అంకెయే నిజమైన పరీక్ష.

మనది నల్లరేగడి క్రింది ఇసుకపొర కాదు, గ్రానైటు శిల. నీరు పైనున్న శిథిలశిలలోను, దిగువ పగుళ్లలోను మాత్రమే నిలుచును. కావున ఒక బోరున నీరు పడినంత మాత్రమున ప్రక్క స్థలమున పడునని నమ్మరాదు. నమూనా తీసినది ఆ స్థలముననా, పొరుగూరిలోనా యని విచారింపవలెను.

పిమ్మట నీటి గుణము. భారతీయ ప్రమాణము ననుసరించి లీటరునకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మేలు. వేరు నీరు లేనిచో 1.5 వరకు సహింపవచ్చును. నైట్రేటు 45 మించరాదు. ఫ్లోరైడు తరచు శిలనుండియే వచ్చును; నైట్రేటు హెచ్చినచో మురుగునీరు ఇంకుచున్నదేమో యని శంకింపవలెను. అది పసిబిడ్డలకు ప్రమాదకరము. కాచినచో ఈ రెండును తొలగవు. నీరు ఆవిరియైనకొలది మరింత చిక్కబడును.

ఒక చిన్న లెక్క. 500 ఇండ్లలో ఇంటికి నలుగురు చొప్పున, తలకు దినమునకు 135 లీటర్లయినచో 2,70,000 లీటర్లు కావలెను. నల్లా నీరు రాక, బోరు ఎండినచో 10,000 లీటర్ల ట్యాంకర్లు దినమునకు 27 రావలెను. ఆ వ్యయము నెలనెలా కొనువారిపైననే పడును.

నివేదిక కట్టడమునకు పూర్వపు స్థితిని తెలుపును. కాపురములు వచ్చిన పిదప స్థితి వేరు. కావున అనుమతి షరతుల అమలుపై ఆరునెలల కొకసారి సమర్పింపవలసిన నివేదికలను గూడ అడుగుడు. ఇంకుడుగుంతలు కాగితముమీదనే యున్నవో, నేలమీద నున్నవో స్వయముగా చూడుడు. బోరు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించుడు. బయానా ఇచ్చుటకు ముందు చేసిన విచారణయే విచారణ. తరువాత చేసినది విచారమే.