సంఘం కంప్యూటరును పాతసామానుకు వేసేముందు

మన సంఘాల ఆఫీసుల్లో బల్ల కింద ఒక నల్లటి నిలువు పెట్టె ఉంటుంది. వయసు పదేళ్లకు పైమాటే. ఆన్ చేసి టీ తాగివస్తే గానీ తెర కుదురుకోదు. దీన్ని పాతసామానుకు వేసి కొత్తది కొందామని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. తొందరపడవద్దని మేము అంటాం. సభ్యుల జాబితాలు, ఉగాది సంచికల పేజీలు, తెలుగు బడుల కోసం పెట్టిన అర్జీల నకళ్లు చాలాచోట్ల ఆ ఒక్క హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి.

అందుకే పెట్టె విప్పేముందే ఫైళ్లన్నీ బయటి డిస్కుకు ఎక్కించి, నాలుగైదు తెరిచి చూసుకోవాలి. మన సంచికలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కట్టినవి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెలుగు స్థానంలో పిచ్చి గీతలే వస్తాయి. పాత విండోస్ నడుస్తుండగానే పేజీలన్నీ పీడీఎఫ్ చేసుకోవాలి. ఫాంట్ల ఫోల్డరు కూడా విడిగా దాచాలి. ఈ సంగతి కంప్యూటర్ షాపువాళ్లకు తట్టదు, మనమే చెప్పాలి.

మిడ్ టవర్ పెట్టెలో చోటు ధారాళం. పాత డిస్కును తీయకుండానే ఎస్‌ఎస్‌డీ బిగించుకోవచ్చు. అందులో తిరిగే పళ్లెం ఉండదు కనుక విండోస్ చురుగ్గా లేస్తుంది. స్విచ్ ఆపి, కరెంటు వైరు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి. వెనక రెండు స్క్రూలు విప్పితే ఎడమ రేకు వస్తుంది. లోపల చెయ్యి పెట్టేముందు పెట్టె లోహాన్ని తాకాలి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దు. వైరు పీకినా దానిలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ 2.5 అంగుళాలది. దానికి వేరే అర లేకుంటే 3.5 అంగుళాల అరలో పట్టే బ్రాకెట్ తెచ్చుకోవాలి. దానికి సన్నని ఎం3 స్క్రూలే వాడాలి, హార్డ్‌డిస్క్‌వి లావు. సన్న సాటా కేబుల్ మదర్‌బోర్డుకు, వెడల్పుది పవర్ సప్లై నుంచి. రెండింటి మూతీ ఎల్ ఆకారంలో ఉంటుంది, ఎక్కకపోతే తిప్పి చూడాలి గానీ బలవంతం కూడదు.

ర్యామ్ కూడా పెంచాలంటే పాత ముక్కనే పట్టుకుని బెంగుళూరు ఎస్పీ రోడ్డుకో చెన్నై రిచీ స్ట్రీట్‌కో వెళ్లండి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 దిగదు, గాటు వేరేచోట ఉంటుంది. గడియారం ప్రతిసారీ వెనక్కి పోతుంటే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చితే చాలు.

కొత్త విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్కు కేబుల్ ఊడదీసి ఉంచాలి. పొరపాటున దాన్నే ఫార్మాట్ చేసే ప్రమాదం తప్పుతుంది. పని అయ్యాక కంప్యూటర్ ఆపి కేబుల్ తగిలించి, బయోస్‌లో ఎస్‌ఎస్‌డీని మొదట పెట్టాలి. ఫాంట్లు ఎక్కించి ఒక పాత ఉగాది సంచిక తెరవండి. అక్షరాలు సరిగ్గా వస్తే రేకు మూసేయవచ్చు.