అంతా పైవాడి ఇచ్ఛేనా?

భక్తి ఉన్న ఇళ్లలోనే చావు చొరబడితే ఏమని సర్దిచెప్పుకోవాలి? 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం ఆ ప్రశ్నను ఇంకా మిగిల్చే ఉంచింది

జంషెడ్‌పూర్‌కు మార్చి 3 పండగ రోజు. నగరానికి పేరిచ్చిన జంషెట్‌జీ టాటా జయంతి. 1989లో అది 150వ జయంతి కావడంతో ఉక్కు కర్మాగారం ఆవరణలోనే భారీ వేడుక ఏర్పాటు చేశారు. కంపెనీ ఆహ్వానం మేరకు ఉద్యోగులు భార్యాబిడ్డలతో తరలివచ్చారు. వీఐపీల కోసం వేసిన పందిరి ఉన్నట్టుండి అంటుకుంది. మంటలు అదుపులోకి వచ్చేసరికే ఘోరం జరిగిపోయింది. మృతుల సంఖ్య చివరకు 60కి చేరింది. గాయపడినవారు 113 మంది. పోయినవారిలో మహిళలు, చిన్నపిల్లలే ఎక్కువ.

అప్పటికి బీహార్‌లో ఉన్న ఈ నగరంలో భక్తికి కొదవ లేదు. బతుకుదెరువు కోసం ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తెలుగువాళ్లు బిష్టుపూర్‌లో రాముడికి గుడి కట్టుకున్నారు. ఇక మసీదులు, చర్చిలు, గురుద్వారాలు సరేసరి. ఇలాంటి విపత్తు వేళ పరామర్శకు వచ్చేవారు ఏ మతం వారైనా అనే మాట దాదాపు ఒకటే: అంతా ఆయన ఇచ్ఛ, మన చేతిలో ఏముంది?

ఈ మాట ఎవరి నోట వస్తోందన్నదే అసలు సంగతి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి తనకు తానుగా అనుకుంటే అది ఆమె విశ్వాసం. ఆమె అలా అనుకోవాలని ఇతరులు చెబితే మాత్రం నోరు మూయించడమే. బైబిల్‌లోని యోబు కథ సరిగ్గా ఈ తేడా మీదే నడుస్తుంది. సంతానాన్నీ, సంపదనూ, ఆరోగ్యాన్నీ కోల్పోయిన యోబు మొదట దేవుడి చిత్తానికి తలవంచుతాడు. తర్వాత దేవుణ్నే నిలదీస్తాడు. పాపం చేసి ఉంటావు, అందుకే ఈ శిక్ష అంటూ మిత్రులు దేవుడి తరఫున వాదిస్తారు. దేవుడికి చివర్లో కోపం వచ్చేది ఆ మిత్రుల మీదే. యోబుకు తన కష్టానికి కారణం ఏమిటో మాత్రం ఆఖరిదాకా ఎవరూ చెప్పరు.

తెలుగువారికి ఈ విషయం తెలుసుకోవడానికి అంత దూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. భద్రాద్రిలో గుడి కట్టి గోల్కొండ చెరసాల పాలైన కంచర్ల గోపన్న ఉన్నాడు. సీతమ్మకు, లక్ష్మణుడికి చేయించిన నగల ఖర్చు లెక్క చెప్పి మరీ రాముణ్ని కడిగిపారేశాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వేడుకున్నాడు. ఆ పాటల్ని భక్తి లోపంగా ఇన్ని తరాల్లో ఎవరూ ఎంచలేదు. శరణాగతి, నిష్ఠూరం ఒకే గొంతులో ఇమడగలవని మన జనానికి ఎప్పుడో తెలుసు.

పైవాడికి తలవంచినంత మాత్రాన కిందివాళ్ల లెక్క రద్దు కాదు. పందిరి వేసింది మనుషులే, జనాన్ని పిలిచిందీ మనుషులే. బాధితుల తరఫున వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పరిహారం తేల్చే పని మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్‌కు అప్పగించారు. ఇంటిపని చేసే స్త్రీ ప్రాణానికి, బడికెళ్లే పిల్లవాడి ప్రాణానికి ఖరీదు ఎలా కడతారు? వినడానికి కటువుగానే ఉంటుంది. కానీ ఆ కటువైన పని ఎవరో ఒకరు చేయకపోతే మిగిలేది ఓదార్పు మాటలే.

34-59 ఏళ్ల మధ్య గృహిణుల సేవల విలువను చంద్రచూడ్ ఏడాదికి 12,000 రూపాయలుగా లెక్కించారు. అది మరీ తక్కువని 2001 ఆగస్టులో సుప్రీంకోర్టు నెలకు 3,000 రూపాయల చొప్పున, ఏడాదికి 36,000కు పెంచింది. వృద్ధ మహిళలకు ఏడాదికి 10,000గా కట్టిన విలువను 20,000 చేసింది. పిల్లల పరిహారాన్నీ పెంచింది. ప్రమాదం జరిగిన పన్నెండేళ్లకు వచ్చిన తీర్పు ఇది. ఇంటి ఇల్లాలి శ్రమకు విలువ కట్టాల్సి వచ్చినప్పుడల్లా కోర్టులు దీన్ని ప్రస్తావిస్తూ వచ్చాయి. వాహన ప్రమాదంలో మరణించిన ఓ గృహిణి కేసులో 2010లో సుప్రీంకోర్టే మళ్లీ ఉదహరించింది.

మార్చి 3న జంషెడ్‌పూర్ ఇప్పటికీ దీపాలతో వెలుగుతుంది. జూబిలీ పార్కు చూడటానికి జనం బారులు తీరుతారు. నాటి మృతుల కుటుంబాల్లో చాలావాటికి అది వర్ధంతి కూడా.