ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోందా? బోర్డు పారేయకండి!

రాయదుర్గం: శేరిలింగంపల్లి మండలంలోని రాయదుర్గం ఒకప్పుడు రాళ్ల గుట్టల ఊరు. ఇప్పుడు ఆ గుట్టల చోట అద్దాల మేడలు లేచాయి. కొత్త వస్తువుల నమూనాలు చేసి చూసుకునేందుకు ప్రభుత్వం కట్టించిన టీ-వర్క్స్ 2023 మార్చి 2న ఇక్కడే ప్రారంభమైంది. ఇలా నమూనాలు చేసేవారు యంత్రానికి మెదడుగా తరచు వాడేది పేకముక్కంత కంప్యూటరు బోర్డు. 2012లో ఇంగ్లండులో 35 డాలర్లకు అమ్మకానికి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వీటిలో పేరుమోసింది. లోపల నడిచేది లినక్సు. దానికి పైసా కట్టనక్కరలేదు.

కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల పుణ్యమా అని ఈ బోర్డులు పల్లె బడుల దాకా వచ్చాయి. చిక్కల్లా ఒక్కటే. ఒకరోజు ఆన్ కాదు. "కాలిపోయింది, కొత్తది కొనండి" అనేవారికి కొదవ లేదు. నిజానికి చాలాసార్లు బోర్డు భేషుగ్గా ఉంటుంది.

ముందు దీపాలు చూడండి. 3, 4 రకాల బోర్డుల మీద రెండుంటాయి. ఎర్రది కరెంటుకు, ఆకుపచ్చది కార్డుకు గుర్తు. ఎర్రది మినుకుమినుకుమంటే చార్జరును అనుమానించాలి. వోల్టేజీ 4.63కు పడిపోతే ఆ దీపం ఆరుతుంది, తెర మూలన మెరుపు గుర్తు కనబడుతుంది. 4వ రకానికి 5 వోల్టుల, 3 ఆంపియర్ల చార్జరు కావాలి. చాలామంది ఇంట్లో పడి ఉన్న ఫోను చార్జరు, సన్న వైరు తగిలించేస్తారు. లో వోల్టేజీలో బోరు మోటారు మూలగడం చూడని రైతు ఉంటాడా? ఇదీ అంతే.

ఎర్రది నిలకడగా వెలిగి, ఆకుపచ్చది కదలకపోతే బోర్డు కార్డును చదవలేకపోతోందని అర్థం. కార్డు తీసి, తుడిచి, మళ్లీ పెట్టండి. ఆకుపచ్చది నాలుగేసిసార్లు కొట్టుకుంటే మొదలుపెట్టే ఫైలు లేదని, ఏడేసిసార్లు కొట్టుకుంటే లినక్సు అసలు ఫైలే దొరకలేదని లెక్క. తన రోగం తానే చెబుతోందన్నమాట.

కరెంటు కోతే శత్రువు

కార్డు మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడతాయి. మన ఊళ్లలో బోర్డులు మూలపడేది ఎక్కువగా ఇందుకేనని ఈ విలేకరి అభిప్రాయం. చెడిన కార్డును విండోస్ కంప్యూటరులో పెడితే "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. పొరపాటున కూడా ఒప్పుకోవద్దు! లినక్సు భాగం విండోస్‌కు అర్థంకాక అలా అడుగుతుంది. సరే అన్నారా, పిల్లలు ఏడాదిపాటు చేసిన పని గంగలో కలిసినట్టే. మరో లినక్సు కంప్యూటరులో పెట్టి ముందు ఫైళ్లు దించుకోండి. తర్వాత ఇమేజర్ అనే ఉచిత సాఫ్టువేరుతో కొత్తగా లినక్సు ఎక్కించుకోవచ్చు. కోతలు ఎక్కువగా ఉన్నచోట కార్డు మీద ఏమీ రాయకుండా నడిపే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంది. దాన్ని ఓవర్‌లే అంటారు. అప్పుడు కొత్త పని మాత్రం పెన్‌డ్రైవులో దాచుకోవాలి.

నెట్టు రాకపోతే

వైర్‌లెస్ అయితే ముందు దేశం ఇండియా అని పెట్టారో లేదో చూడండి. అది పెట్టందే వైఫై తెరుచుకోదు. 3వ రకంలో మొదట వచ్చిన బోర్డుకు 5 గిగాహెర్ట్జ్ వైఫై కనిపించనే కనిపించదు.

తర్వాత బోర్డు చిరునామా అంకెలు చూడాలి. 169.254తో మొదలైతే రౌటరు దానికి చిరునామా ఇవ్వలేదన్నమాట. వైరు, పాస్‌వర్డు సరిచూసుకోండి. చిరునామా బాగానే ఉంటే పింగ్ అనే ఆదేశంతో మొదట రౌటరును, ఆ తర్వాత బయటి 8.8.8.8ను పలకరించండి. రౌటరు పలికి బయటిది పలకకపోతే లైను వాళ్లను పిలవాల్సిందే. అంకెలకు పలికి పేర్లకు పలకకపోతే లోపం డీఎన్ఎస్‌లో ఉంది. మనిషి పేరు తెలిసి ఇంటి నంబరు తెలియని పోస్ట్‌మాన్ అవస్థ అది.

అన్నీ బాగున్నా సైట్లు తెరుచుకోకపోతే తేదీ చూడండి. పాత బోర్డుల్లో గడియారం లేదు. రెండు నెలలు మూలపడిన బోర్డు రెండు నెలల కిందటి తేదీతోనే లేస్తుంది. నెట్టు నుంచి టైము అందేదాకా కొన్ని సైట్లు దాన్ని నమ్మవు. 2023లో వచ్చిన 5వ రకంలో గడియారం పెట్టారు గాని, బ్యాటరీ విడిగా కొనుక్కోవాలి.