కెరటమెక్కుదామా... కొండెక్కుదామా!

విశాఖ వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే వరస ఒకటే వినిపిస్తుంది. ఆర్కే బీచ్, జలాంతర్గామి మ్యూజియం, కైలాసగిరి, సింహాచలం, వీలైతే అరకు. అన్నీ చూడదగ్గవే. అయితే కాస్త ఒళ్లు వంచేవాళ్లకు ఈ ఊరు ఇంకా చాలా దాచిపెట్టింది. తూర్పు కనుమలు ఇక్కడ సముద్రపు అంచుదాకా వచ్చి ఆగుతాయి. అందుకే పొద్దున్నే కెరటం మీద తేలినవాళ్లు, మధ్యాహ్నం ఓ కునుకు తీసి, సాయంత్రానికి అడవి దారిలో కొండెక్కగలరు.

స్పీడ్‌బోటో జెట్ స్కీయో ఎక్కితే అయిదు నిమిషాల్లో సరదా తీరిపోతుంది. నడిపేది ఇంకొకరు, తడిసేది మనం. మన కాళ్లూ చేతులూ ఆడితేనే జరిగేవి, నీటినో నేలనో కాస్త తెలుసుకుంటే తప్ప పట్టుబడనివి కొన్ని ఉన్నాయి. విశాఖలో అసలు సాహసాలు అవే.

ముందు ఒడ్డున కూర్చోండి

విశాఖ సముద్రం చూపులకు ఎంత సౌమ్యమో, దిగితే అంత మొండిది. ఆర్కే బీచ్‌లో పర్యాటకులు కొట్టుకుపోయిన వార్తలు ఏటా వింటూనే ఉంటాం. కారణం చాలాసార్లు రిప్ కరెంట్. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరంతా మళ్లీ వెనక్కి పోవాలి కదా. ఇసుక మేటల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ సన్నటి పాయగా కూడి, వేగంగా లోపలికి పోతుంది. నడుములోతులో ఉన్న మనిషిని కూడా లాక్కుపోగలదు.

దీని మాయంతా పైకి నెమ్మదిగా కనిపించడంలోనే ఉంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో నురగ లేని ముదురు రంగు చార ఒకటి కనిపిస్తుంది. ఇక్కడ అలల్లేవు, పిల్లలకు భయం లేదు అనుకుని కుటుంబాలు సరిగ్గా అక్కడే దిగుతాయి. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక వెనక్కి రావాలి. అంత శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యాలి. అందుకే నీళ్లలో దిగేముందు కాసేపు ఒడ్డున కూర్చుని కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో చూడండి. జాలరిపేటల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది చిన్ననాటి చదువు. సందేహముంటే వాళ్లనే అడగండి.

యారాడ బీచ్‌కు వెళ్లేవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కడలి. ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ దిగుతుంటే కనిపించే తీరం కట్టిపడేస్తుంది. కానీ అది కళ్లారా చూడాల్సిన చోటే, స్నానానికి దిగాల్సిన చోటు కాదు.

పలక మీద నిలబడాలంటే

2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ నీటి ఆటలకు కేంద్రం. సర్ఫింగ్ మొదటి పాఠం నీళ్లలో కాదు, ఇసుక మీదే. పలక మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో నీళ్లు తోస్తున్నట్టు ఆడించి, ఒక్క ఊపున లేచి ఒంటి వాటంగా నిలబడాలి. ఒక పాదం ముందుకు, ఒకటి వెనక్కి, మోకాళ్లు వంచి, చూపు మాత్రం ముందుకు. కొత్తవాళ్లందరూ చేసే పని కాళ్ల వంక చూసుకోవడం. తల వంగిందో, మనిషి నీళ్లలోనే! నేర్చుకునేవాళ్లకు వెడల్పాటి మెత్తటి పలక ఇస్తారు, తగిలినా దెబ్బ తక్కువ. చీలమండకు కట్టే తాడు ఊడకుండా చూసుకోవాలి. మీరు పడ్డాక పలక ఇంకొకరి తలకు తగలకుండా ఆపేది అదే.

పడటం ఇష్టం లేనివాళ్లకు కయాకింగ్ ఉంది. దానికి తెల్లవారే వేళే మేలు. ఎండ ముదిరేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది, నీరు అల్లకల్లోలమవుతుంది. ఎంత ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వద్దనకండి.

నీటి అడుగున

రుషికొండ, మంగమారిపేట వైపు స్కూబా డైవింగ్ చేయిస్తారు. మంగమారిపేట తీరంలో సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం కూడా ఉంది. మొదటిసారి మునిగేవాళ్లను పది, పన్నెండు మీటర్ల లోతు దాటనివ్వరు, శిక్షకుడు పక్కనే ఉంటాడు. దిగేకొద్దీ నీటి ఒత్తిడికి చెవులు బిగుసుకుంటాయి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా, మొదటి మీటరు నుంచే ఊదుతూ ఉండాలి. ఊపిరి మాత్రం ఎక్కడా బిగబట్టకూడదు. ఇంకో సంగతి: బొటనవేలు పైకెత్తితే నీటి కింద ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

అండమాన్ నీటి స్వచ్ఛత ఇక్కడ ఆశించకండి. వానలు, తుపాన్లు తగ్గి నీరు తేరుకున్నాకే రాళ్ల సందుల్లో చేపల గుంపులు కనిపిస్తాయి. జలుబు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడగకుండా మునగకూడదు.

బీచ్ రోడ్డు వెంబడి

తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. ఆ వేళ సైకిలెక్కి ఉత్తరంగా సాగితే ఒకవైపు కొండలు, ఒకవైపు కడలి. భీమిలి దాదాపు పాతిక కిలోమీటర్లు. దారిలో తొట్లకొండ ఎక్కండి. నౌకాదళం వైమానిక సర్వేలో 1976లో బయటపడ్డ బౌద్ధ క్షేత్రం ఇది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. సముద్ర వాణిజ్యం సాగిన రోజుల్లో భిక్షువులు చూసిన తీరమే మీకూ కనిపిస్తుంది.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం పడిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి పోగుచేసింది. ఇనుప ఆక్సైడ్ ఎరుపు పూసింది, వాన నీరు లోయలు చెక్కింది. ఇలాంటివి మళ్లీ తమిళనాడులోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. భీమిలి దగ్గరి ఈ దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. లోయల అడుగున నడిస్తే రెండు పక్కలా ఎర్ర గోడలు లేస్తాయి. చెయ్యి తగిలితే రాలే మట్టి అది. గట్టు అంచులెక్కి ఫొటోలు దిగితే మీకూ ప్రమాదం, దిబ్బకూ నష్టం.

కొండదారులు

జాతీయ రహదారి పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. చిరుతలు తిరిగే అడవి నగరానికి ఇంత దగ్గరగా ఉండటం అరుదు. ఒంటరిగా దూరకుండా అటవీ శాఖ అనుమతించిన దారుల్లో, గైడుతోనే నడవాలి. మాధవధార నుంచి కొండ దాటి సింహాచలం చేరే పాత మెట్ల దారి ఇంకోటి.

నిజానికి ఈ ఊరికి ట్రెక్కింగ్ కొత్త కాదు. ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న కొలువైన సింహాచలం కొండ చుట్టూ జరిగే గిరి ప్రదక్షిణలో లక్షలమంది 32 కిలోమీటర్లు నడుస్తారు, అదీ చాలామంది చెప్పుల్లేకుండా. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినవాళ్లు దారిలో అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం చేసి మళ్లీ నడక అందుకుంటారు. కొండనూ కడలినీ ఒకే నడకలో కలిపింది మన పెద్దవాళ్లే.

వెళ్లేముందు

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ ఈ ఊరిని కుదిపేసింది అక్టోబరులోనే. వేసవిలో ఉక్కపోత కొండెక్కనివ్వదు.

స్కూబా, అరకు రెండూ పెట్టుకున్నవాళ్లు వరస చూసుకోవాలి. డైవింగ్ తర్వాత ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బయటికి పోకముందే ఎత్తుకు వెళితే ప్రమాదం. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు మునిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవర్లు పాటించే నియమం. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు కాబట్టి ఘాట్ రోడ్డుకూ ఆ జాగ్రత్త వర్తిస్తుంది. అరకు ముందు, మునక తర్వాత పెట్టుకుంటే గొడవే లేదు.

నిర్వాహకులకు అనుమతి ఉందో లేదో, శిక్షకుడికి ధ్రువపత్రం ఉందో లేదో అడిగి మరీ డబ్బు కట్టండి. ఆరోజు సముద్రం బాగోలేదు, దిగవద్దు అని వాళ్లంటే బేరమాడకండి. అలా చెప్పేవాళ్లే నమ్మదగ్గవాళ్లు. నీళ్లు ఒప్పుకోని రోజున ఎక్కడానికి విశాఖలో కొండ ఎలాగూ ఉంది.