కారులో మద్దెల మోత

శబ్దమంటే మాట అనే అర్థంలోనే ఇరవై యేళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతూ వస్తున్నాను. శబ్దమంటే మోత అనే రెండో అర్థాన్ని మొన్న వేసవిలో మా మేనల్లుడు నాకు గుండె అదిరేటట్లు బోధించాడు.

మావాడు ఇంజనీరింగు మూడో యేడు చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, రెండు రోజులపాటు మా పాత కారులో దూరి, అన్నానికి పిలిచినా పలక్కుండా ఏదో చేశాడు. మూడో రోజు సాయంత్రం, "మామయ్యా, వచ్చి కూర్చో" అన్నాడు. డిక్కీలో ఒక పెద్ద చెక్కపెట్టె, అందులో పన్నెండంగుళాల సబ్‌ఊఫరు, పక్కన నల్లటి ఆంప్లిఫయరు. పాట పెట్టాడు. అద్దాలు వణికాయి. వెనకనున్న నెంబరు ప్లేటు తాళం వెయ్యసాగింది. ఎదురింటి ముసలాయన అరుగు మీద నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయారు.

"ఎలా ఉంది?" అన్నాడు గర్వంగా.

"మోత బాగానే ఉందిరా. మాటలేవీ?" అన్నాను.

మాటలు లేకపోవడం అటుంచి, పాట ఆగినప్పుడల్లా సన్నని ఈల ఒకటి వినబడుతోంది. ఇంజను వేగం పెంచితే ఈల స్థాయి కూడా పెరుగుతోంది. ఆ ఆదివారం అమ్మను తీసుకుని అన్నవరం వెళ్ళాలని అనుకున్నాం. ఈ ఈలతో అంత దూరం వెళ్ళలేననిపించి, శనివారం పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక ఎలక్ట్రీషియను దగ్గరికి మావాణ్ణీ కారునీ తీసుకుపోయాను.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. పాట పెట్టమంటాడేమో అనుకున్నాను. పెట్టమనలేదు. ముందు బానెట్టు తెరిచాడు. బ్యాటరీ నుంచి బయలుదేరిన ఎర్ర తీగెను వేలితో తడుముతూ పోయి, "ఫ్యూజేది బాబూ?" అన్నాడు.

"ఉందండీ, డిక్కీలో పెట్టాను" అన్నాడు మావాడు.

"దొంగ వీధి గుమ్మంలో ఉంటే పెరటి తలుపుకు తాళం వేసినట్టుంది!" అని నవ్వాడాయన.

ఆ నవ్వులోని సంగతి నాకు కాసేపటికిగాని అర్థం కాలేదు. పాఠకుల కోసం నాకు తెలిసినంతలో చెబుతాను. కారు బ్యాటరీ 12 వోల్టులదే. తాకితే మనకేమీ కాదు. కాని దాని రెండు కొసలూ సూటిగా కలిస్తే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా దూకుతుంది. కారు ఇనుప ఒళ్ళంతా బ్యాటరీ నెగటివు కొసకు కలిపి ఉంటుంది. అందుచేత ఎర్ర తీగె పైతొడుగు ఎక్కడ ఒరుసుకుపోయి రేకును తాకినా, తీగె నిమిషంలో ఎర్రగా కాలుతుంది. తొడుగు అంటుకుంటుంది, దాని పైనున్న తివాచీ అంటుకుంటుంది. ఫ్యూజు డిక్కీలో ఉంటే, బ్యాటరీ నుంచి డిక్కీ దాకా ఉన్న నాలుగు మీటర్ల తీగెకు రక్షణే లేదన్నమాట. కాబట్టి ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర దూరం లోపలే ఉండాలి. ఆంప్లిఫయరుకు దాని సొంత ఫ్యూజులుంటాయి. ఈ ఫ్యూజు కాపాడేది తీగెను.

ఆయన బ్యాటరీ నెగటివు ముందు విప్పి, తీగెను మెల్లగా లాగాడు. ఇంజనుకూ మనకూ మధ్యనున్న రేకుగోడకు మావాడు ఒక రంధ్రం చేసి అందులో నుంచి తీగె దూర్చాడు గాని, ఆ రంధ్రానికి రబ్బరు గ్రామెట్టు వెయ్యలేదు. రెండు రోజుల తిరుగుడుకే రేకు అంచు తొడుగును సగం దాకా కోసేసింది. రాగి ఇంకా బయటపడలేదు, అంతే. ఆ తీగె పోయేది ఎడమవైపు ముందు సీటు కింద నుంచి. అమ్మ కూర్చునేది ఆ సీటులోనే.

మావాడి ముఖం పాలిపోయింది. నేనేమీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది.

తరువాత తీగె లావు సంగతి వచ్చింది. మావాడి ఆంప్లిఫయరు 500 వాట్లది. పనిలో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 625 వాట్లు లాగుతుంది. ఇంజను నడిచేటప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే 45 ఆంపియర్లు! ఇంట్లో 2000 వాట్ల గీజరు కూడా 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు దాటదు. వోల్టులు తగ్గినకొద్దీ తీగె లావెక్కాలి. మావాడు కొన్న తీగె పైకి లావే. కోసి చూస్తే అంతా ప్లాస్టిక్కే, లోపల సన్నగా రాగిపూత పూసిన అల్యూమినియం. దాన్ని తీసేసి, 21 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి తీగె, అంటే వాళ్ళ భాషలో 4 గేజి తీగె వేశారు. 60 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే బిగించారు.

ఈల మాటేమిటంటే, దాని మూలం ఎర్త్ తీగె. మావాడు దాన్ని పెయింటు వేసిన బోల్టుకు బిగించాడు. పెయింటు కరెంటును సరిగా పోనివ్వదు. ఆ కొరతలోనే ఆల్టర్నేటరు సందడి పాటలోకి జొరబడుతుంది. ఎలక్ట్రీషియను డిక్కీలో ఒకచోట ఉప్పు కాగితంతో పెయింటు గీకి, రేకు తళతళలాడేదాకా రుద్ది, అదే లావు తీగెను మూరెడు లోపు పొట్టిగా కత్తిరించి బిగించాడు. పాట తెచ్చే సన్నతీగెలను ఎర్ర తీగె పక్కనుంచి తప్పించి, కారు రెండోవైపుగా నడిపాడు. ఈల పోయింది.

ఇక మాటలు. ఆంప్లిఫయరు మీద గెయిన్ అనే నాబు ఒకటుంది. అది మోత పెంచే నాబు అనుకుని మావాడు చివరిదాకా తిప్పాడు. నిజానికది వీణకు బిరడా వంటిది. స్టీరియో పంపే బలానికీ ఆంప్లిఫయరుకీ పొత్తు కుదర్చడమే దాని పని. మితిమీరి తిప్పితే ధ్వని తరంగాల శిఖరాలు నరికినట్లు చదునైపోతాయి. పాట బొంగురుపోతుంది, స్పీకరు చుట్ట కాలిపోతుంది.

ఆయన బేస్ బూస్టును సున్నాకు తెచ్చి, స్పీకరు తీగెలు విప్పి, స్టీరియోను ముప్పాతిక దాకా పెంచి, 50 హెర్ట్జుల స్వరమొకటి మోగించి, ఆంప్లిఫయరు కొసలకు మల్టీమీటరు పెట్టాడు. లెక్క మావాడే చెప్పాడు. 500 వాట్లను స్పీకరు 4 ఓములతో గుణిస్తే 2000, దాని వర్గమూలం 44.7. మీటరు 44 వోల్టులు చూపేసరికి నాబు మూడోవంతు కూడా తిరగలేదు!

ఆపైన వడపోత. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జుల దాకా వింటుంది. సబ్‌ఊఫరుకు కావలసింది అందులో అడుగుభాగమే. మావాడు వడపోత తెరిచి వదిలెయ్యడంతో, ఆ పెద్ద పెట్టె గాయకుడి గొంతులో కూడా వేలు పెట్టింది. 80 హెర్ట్జుల పైదాన్ని సబ్‌ఊఫరుకు పోకుండా, కిందిదాన్ని తలుపుల్లోని చిన్న స్పీకర్లకు పోకుండా ఆపాడాయన. మాటకు స్పష్టత నిచ్చే హల్లుల గుట్టు వేల హెర్ట్జులలో ఉంటుందట. బరువు దిగిన చిన్న స్పీకర్లు వాటిని విడివిడిగా పలికాయి. చివరికి ఫేజు మీటను అటూ ఇటూ వేసి, డ్రైవరు సీటులో మద్దెల నిండుగా వినబడే వైపు ఉంచాడు.

అప్పుడు పెట్టాడు పాట. మద్దెల మద్దెలగానే ఉంది, మాట మాటగానే ఉంది. నెంబరు ప్లేటు నోరు మూసుకుంది.

"మరీ పెంచకు బాబూ" అన్నాడాయన డబ్బు పుచ్చుకుంటూ. ఆ మాటలో నిజముంది. 85 డెసిబెల్సు మోతను రోజుకు ఎనిమిది గంటలు మించి వినరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ప్రతి 3 డెసిబెల్సుకూ ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్సు దగ్గర మిగిలేది పావుగంటే.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాం. ఎవరూ చెప్పకుండానే మావాడు బానెట్టు ఎత్తి, ఫ్యూజునూ గ్రామెట్టునూ టార్చి వేసి చూసి వచ్చాడు. అమ్మ తన సీటులో కూర్చుంది. పాత పాట పెట్టాం. రెండు చరణాలూ శ్రద్ధగా విన్నది.

"చక్కగా ఉందిరా, ప్రతి మాటా వినబడుతోంది" అన్నది. మావాడు వెలిగిపోయాడు.

"ఇక కాస్త తగ్గించు నాయనా. ఇన్నాళ్ళకు వచ్చావు, మాట్లాడుకుందాం" అన్నది.