జీరో టికెట్ పాల్వంచ దాకా.. అక్కడి నుంచి కిన్నెరసాని గ్రౌండ్‌కు ఎలా?

మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం – క్రీడాకారిణులు, తల్లిదండ్రులు, పీఈటీల కోసం
తిరుమలాయపాలెం మండలం, ఖమ్మం జిల్లా

స్కూల్లో కబడ్డీ సెలెక్షన్ జరుగుతుంది. మీ అమ్మాయి పేరు లిస్టులో వస్తుంది. పోటీ ఎక్కడ అని అడిగితే "కిన్నెరసాని" అంటారు. ఇంట్లో వెంటనే వచ్చే ప్రశ్నలు మూడు. అంత దూరం ఎలా వెళ్తుంది? ఎవరు తీసుకెళ్తారు? రాత్రికి తిరిగి ఎలా వస్తుంది? వీటికి జవాబు దొరక్కపోతే చాలా ఇళ్లలో "ఈసారికి వద్దులే" అనేస్తారు. ఆటలో ఓడిపోయి ఆగిపోవడం వేరు, బస్సు సంగతి తెలియక ఆగిపోవడం వేరు. రెండోది జరగకూడదనే ఈ వివరాలు ఇస్తున్నాం.

కిన్నెరసాని ఎక్కడుంది?

భద్రాచలం ఐటీడీఏ ఆధ్వర్యంలో నడిచే గిరిజన మోడల్ స్పోర్ట్స్ స్కూల్ పాల్వంచ మండలం కిన్నెరసానిలో ఉంది. కిన్నెరసాని డ్యామ్, అభయారణ్యం ఉన్న ప్రాంతం ఇది. పాల్వంచ నుంచి సుమారు 12 కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. ఒకప్పుడు ఇదంతా మన ఖమ్మం జిల్లానే. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగాక భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా ఉచిత ప్రయాణానికి అడ్డం లేదు. మహాలక్ష్మి పథకం తెలంగాణ మొత్తానికి వర్తిస్తుంది. ఇన్ని కిలోమీటర్లే అనే పరిమితి కూడా లేదు.

పథకం క్లుప్తంగా

- 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది.
- తెలంగాణలో నివసించే బాలికలు, అన్ని వయసుల మహిళలు, ట్రాన్స్‌జెండర్లు ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు.
- మన జిల్లాల్లో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది.
- డీలక్స్, సూపర్ లగ్జరీ, ఆపై సర్వీసులకు వర్తించదు. ఎక్కితే పూర్తి చార్జీ కట్టాలి.
- కండక్టర్ దగ్గర జీరో టికెట్ తప్పక తీసుకోవాలి.

ఫ్రీయే కదా, టికెట్ ఎందుకు అని కొందరు అడుగుతుంటారు. మీరు కట్టని చార్జీని ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లిస్తుంది. ఆ లెక్క జీరో టికెట్ మీదే నడుస్తుంది. టికెట్ లేకుండా తనిఖీలో దొరికితే జరిమానా పడొచ్చు. దిగేదాకా టికెట్ దగ్గర పెట్టుకోండి.

కార్డు విషయంలో జాగ్రత్త

ఫొటో, తెలంగాణ చిరునామా స్పష్టంగా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్, ఓటరు కార్డు లాంటివి పనికొస్తాయి. జిరాక్స్ కాపీ, ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. పాన్ కార్డులో చిరునామా ఉండదు కాబట్టి అదీ చెల్లదు. స్కూల్ పిల్లలకు ఆధార్ ఉత్తమం. చిన్నప్పుడు తీసిన ఫొటో గుర్తుపట్టలేనట్టుగా ఉంటే పోటీల సీజన్ రాకముందే ఆధార్ సెంటర్‌లో అప్‌డేట్ చేయించండి.

టీమ్‌గా వెళ్లేటప్పుడు పీఈటీ సార్లు అందరి ఆధార్ కార్డులూ ఒకే కవర్లో పెట్టుకోవడం మామూలే. కానీ ఒక్క బస్సులో అందరికీ చోటు దొరక్క సగం మంది వెనక బస్సులో రావాల్సి వస్తే? ఎవరి కార్డు వాళ్ల దగ్గరే ఉండాలి.

దారి ఇలా

మొదటి అంచె: ఊరి నుంచి ఖమ్మం
తండాలు, లోపలి ఊళ్ల వాళ్లు ముందు మెయిన్ రోడ్డుకు గానీ మండల కేంద్రానికి గానీ చేరుకోవాలి. అక్కడి నుంచి ఖమ్మం బస్సు ఎక్కాలి. ఎక్స్‌ప్రెస్ ప్రతి స్టేజీలో ఆగదు. మీ స్టేజీలో ఏది ఆగుతుందో ముందే తెలుసుకోండి. ఖమ్మంలో కొత్త బస్టాండ్, పాత బస్టాండ్ వేర్వేరు. ఎక్కడ దింపుతారు, కొత్తగూడెం వైపు బస్సు ఎక్కడ ఎక్కాలి అని కండక్టర్‌ను అడగండి.

రెండో అంచె: ఖమ్మం నుంచి పాల్వంచ
కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లే బస్సులు పాల్వంచ మీదుగానే పోతాయి. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం, ఆ తర్వాత పాల్వంచ వస్తాయి. దగ్గర దగ్గర 90 కిలోమీటర్లు. మూడు గంటలు పడుతుందని లెక్క వేసుకోండి. భద్రాచలం బోర్డు ఉన్న ప్రతి బస్సూ ఫ్రీ కాదు. ఇదే రూట్‌లో డీలక్స్, సూపర్ లగ్జరీ కూడా తిరుగుతాయి. అద్దం మీద "ఎక్స్‌ప్రెస్" అని ఉందో లేదో చూసి ఎక్కండి. నేరుగా బస్సు దొరక్కపోతే కొత్తగూడెం వరకు వెళ్లి అక్కడ మారండి.

మూడో అంచె: పాల్వంచ నుంచి కిన్నెరసాని
అసలు ఇబ్బంది ఇక్కడే. నూరు కిలోమీటర్ల పైన ఒక్క రూపాయి లేకుండా వచ్చిన వాళ్లు ఈ 12 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతారు. పాల్వంచ బస్టాండ్‌లో దిగగానే అటువైపు పల్లె వెలుగు ఏదైనా ఉందా అని అడగండి. ఉంటే అందులోనూ జీరో టికెట్టే. లేకపోతే ఆటో మాట్లాడుకోవాలి. ఆటోకు ఉచితం వర్తించదు. ఒక్కరే అయితే భారం, నలుగురైదుగురు కలిస్తే తేలిక. అందుకే అదే పోటీకి వెళ్లే పక్క ఊరి పిల్లల తల్లిదండ్రులతో ముందు రోజే ఫోన్‌లో మాట్లాడుకోండి.

తిరుగు ప్రయాణం ముందు ఆలోచించండి

చాలామంది పొద్దున ఎన్నింటికి బయలుదేరాలో చూసుకుంటారు, సాయంత్రం సంగతి మర్చిపోతారు. అక్కడ మాత్రం వెనక నుంచి లెక్క వేయాలి. ముందుగా ఖమ్మం నుంచి మీ ఊరి వైపు చివరి బస్సు ఎన్నింటికో తెలుసుకోండి. దాన్ని అందుకోవాలంటే పాల్వంచలో ఎన్నింటికి ఎక్కాలి, అంతకు ముందు గ్రౌండ్ దగ్గర ఎన్నింటికి కదలాలి అని వరుసగా చూడండి. గ్రౌండ్ అడవి అంచున ఉంది. చీకటి పడ్డాక అక్కడ ఆటో దొరుకుతుందని నమ్ముకోవద్దు. పొద్దున తీసుకెళ్లిన ఆటో అతనితోనే సాయంత్రానికి కూడా మాట్లాడుకుని నంబర్ రాసుకోండి.

ఫైనల్ మ్యాచ్ ఆలస్యమయ్యేలా ఉంటే రాత్రికి బయలుదేరే సాహసం చేయొద్దు. పోటీకి పేరు ఇచ్చేటప్పుడే వసతి, భోజనం ఉన్నాయా, అమ్మాయిలతో మహిళా టీచర్ ఉంటారా, తోడు వచ్చిన తల్లికి చోటు ఇస్తారా అని పీఈటీని గానీ హెచ్‌ఎంను గానీ అడగండి. ఇవి అడగడం తల్లిదండ్రులుగా మీ హక్కు.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

అమ్మాయికి తోడుగా ఎవరు వెళ్తే ఖర్చు తక్కువ?
అమ్మ, అక్క, నానమ్మ, అమ్మమ్మ.. ఎవరు వెళ్లినా వాళ్లకూ జీరో టికెట్టే. నాన్న వెళ్తే రానూపోనూ చార్జీ పెట్టుకోవాలి. ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి రావడానికి అయ్యే ప్రయాణ ఖర్చు ఆటోదే.

అబ్బాయిలకు ఉందా?
లేదు. 12 ఏళ్లు దాటిన అబ్బాయికి పూర్తి చార్జీ. స్టూడెంట్ బస్ పాస్ ఉన్నా అది పాస్ మీద రాసిన రూట్ వరకే చెల్లుతుంది. కిన్నెరసాని ప్రయాణానికి పనికిరాదు. టీమ్‌కు ప్రయాణ ఖర్చు ఇస్తారో లేదో స్కూల్‌లో ముందే అడగండి.

ట్రైన్‌లో వెళ్లొచ్చా?
డోర్నకల్ దగ్గర చీలిన లైను భద్రాచలం రోడ్ స్టేషన్ దాకా వెళ్తుంది. పేరు చూసి భద్రాచలం ఊళ్లో దిగుతామనుకోవద్దు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి మళ్లీ పాల్వంచ బస్సు ఎక్కాలి. ట్రైన్‌లో మహాలక్ష్మి వర్తించదు.

పోటీ భద్రాచలం అవతల ఉంటే?
అటు కొన్ని రూట్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్తాయి. మన ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో రాష్ట్ర సరిహద్దు వరకే ఉచితం. ఆ తర్వాతి దూరానికి టికెట్ కొనాలి.

బస్సు టైమింగులు ఎక్కడ తెలుస్తాయి?
బస్టాండ్ ఎంక్వయిరీ కౌంటర్‌లో ముందు రోజు అడగడం అన్నింటికన్నా నమ్మకం. ఆర్టీసీ కాల్ సెంటర్ 040-69440000కు ఫోన్ చేయవచ్చు. పాత టైం టేబుల్ ఫొటో వాట్సాప్‌లో వస్తే దాన్ని నమ్ముకుని బయలుదేరవద్దు.

బయలుదేరే ముందు రోజు రాత్రి చూసుకోండి

1. ఒరిజినల్ ఆధార్ – అమ్మాయిది, తోడు వెళ్లేవారిది
2. ఆటో ఖర్చుకు, అత్యవసరానికి చేతిలో నగదు
3. పీఈటీ నంబర్, ఆటో నంబర్ – ఫోన్లోనూ, కాగితం మీద కూడా
4. చివరి బస్సు టైం
5. నీళ్ల బాటిల్, తినడానికి ఏదైనా, షూస్, ఆట డ్రెస్
6. అత్యవసరమైతే 100, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098

చివరిగా ఒక మాట

2024 డిసెంబర్‌లో జరిగిన సీఎం కప్ పోటీలు గ్రామం, మండలం, జిల్లా, రాష్ట్రం అని మెట్లు మెట్లుగా సాగాయి. గెలిచిన కొద్దీ గ్రౌండ్ ఇంటికి దూరమవుతుంది. ఊరి బడి గ్రౌండ్ నుంచి మండల కేంద్రానికి, అక్కడి నుంచి ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియానికి, ఆపైన ఇంకా దూరానికి వెళ్లాలి. బాగా ఆడే అమ్మాయికే ఎక్కువ ప్రయాణం ఉంటుంది. ఆ ప్రయాణంలో పెద్ద భాగం ఇప్పుడు ఉచితం. మిగిలిన 12 కిలోమీటర్లకు, తిరుగు ప్రయాణానికి ఒక రోజు ముందు నాలుగు ఫోన్లు చేసుకుంటే చాలు. లిస్టులో వచ్చిన పేరును బస్సు కోసం కొట్టేయకండి.

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపుల్లో, స్కూల్ గ్రూపుల్లో పంపండి. ఫోన్ లేని ఇంటివాళ్లకు చదివి వినిపించండి.