పరాయి దేశపు టీచరమ్మ, మన ఊరి పాట

మన రాయలసీమ బడులకు విదేశీ టీచర్లు కొత్త కాదు. 1822లో లండన్ మిషను వారు కడపలో పని మొదలుపెట్టిన నాటి నుండి ఎందరో దొరలు, దొరసానులు మన పిల్లలకు అక్షరాలు నేర్పారు. ఆ కాలం గడిచిపోయింది. ఇప్పుడు వచ్చేవారు వేరు. చదువు ముగించుకొన్న యువతీ యువకులు కొన్ని నెలలపాటు సహాయ ఉపాధ్యాయులుగా ఉండి, ఇంగ్లీషు మాట్లాడించి, బొమ్మలు వేయించి, పాటలు పాడించి తిరిగి వెళ్తారు. ఇది మన దగ్గరే జరిగే పని కాదు. జపాన్ ప్రభుత్వం 1987 నుండి విదేశీ యువతను పిలిపించి, తమ ఉపాధ్యాయులకు తోడుగా బడులలో ఉంచుతున్నది.

ఇలాంటివారు వచ్చినప్పుడు పిల్లలకు పండుగే. తెల్లని అక్క చేయి పట్టుకోవాలని చిన్నవారు పోటీ పడతారు. చివరి రోజున ఒక ఇంగ్లీషు పాట, ఒక నాటిక, ఫోటోలు, కన్నీళ్లు. ఆ తరువాత? ప్రియ చదువరులారా, తల్లిదండ్రులుగా, సంఘ పెద్దలుగా మనం అడగవలసిన ప్రశ్న ఇదే: అక్క వెళ్లిపోయిన తరువాత మన పిల్లల దగ్గర ఏమి మిగిలింది?

మదనపల్లెలో ఒక సాయంత్రం

ఈ ప్రశ్నకు మంచి జవాబు మన సీమలోనే ఉన్నది. మదనపల్లె 1911 వరకు కడప జిల్లాలోని ఊరే. అక్కడ అనీ బిసెంట్ స్థాపించిన కళాశాలలో ఐర్లండు దేశస్థుడైన జేమ్స్ కజిన్స్ పనిచేసేవారు. ఆయన భార్య మార్గరెట్ 1878లో ఐర్లండులోని బాయిల్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. సంగీతంలో పట్టా పొందారు. 1915లో భర్తతో కలిసి ఇండియాకు వచ్చారు. ఆమె మన సంఘస్థురాలు కాదు, దివ్యజ్ఞాన సమాజానికి చెందినవారు. అయినా ఆమె చేసిన పని నుండి నేర్చుకోవలసింది ఉన్నది.

ఆ కళాశాలలో వారానికొకసారి, బుధవారం సాయంత్రం, పాఠాలు పక్కన పెట్టి అందరూ చేరి పాటలు పాడుకొనేవారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లెకు వచ్చి ఆ కూటంలో కూర్చున్నారు. తాను వ్రాసిన ఒక బెంగాలీ పాట పాడారు. విద్యార్థులు పల్లవి అందుకొన్నారు. మళ్లీ మళ్లీ పాడించుకొన్నారు. మార్గరెట్ ఆ బాణీని విని స్వరాలుగా వ్రాసిపెట్టారు. ఫిబ్రవరి 28న టాగూరు ఆ పాటను ఇంగ్లీషులోకి తర్జుమా చేసి ఇచ్చారు. ఆ పాటే 'జనగణమన'. 1911లో కలకత్తాలో మొదటిసారి పాడిన ఆ గీతం 1950 జనవరి 24న మన జాతీయ గీతమయింది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. మార్గరెట్ పియానో వాయించగల విదుషీమణి. తన దేశపు పాటలు ఎన్నో ఆమెకు తెలుసు. కాని ఆ సాయంత్రం ఆమె చేసిన గొప్ప పని నేర్పడం కాదు, వినడం. విన్నదాన్ని తన విద్యతో కాగితం మీద నిలిపారు. పరాయి దేశపు విద్య మన పాటకు సేవ చేసింది. అందుకే అది మిగిలింది.

కడపలో బ్రౌను దొర

అంతకు నూరేండ్ల ముందు కడపలో ఇటువంటి పనే మరొకటి జరిగింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చారు. తండ్రి కలకత్తాలో పాదిరి. బ్రౌను పేద పిల్లల కోసం ఉచిత పాఠశాలలు పెట్టారు. పండితులకు జీతాలిచ్చి తాటాకు ప్రతులు సేకరింపజేశారు. జనం నోట నలుగుతున్న వేమన పద్యాలను పోగుచేసి 1829లో అచ్చు వేయించారు. ఈనాడు మన పిల్లవాడు బడిలో వేమన పద్యం అప్పజెప్పుతున్నాడంటే, దాని వెనుక ఒక తెల్లదొర శ్రద్ధగా విన్న చెవి కూడా ఉన్నది.

మన సంఘం నేర్చుకొన్నది

మన ఆరాధనలో కూడా ఈ సత్యం కనబడుతుంది. ఇంగ్లీషు బాణీల పాటలు పట్టణపు గుడులలో నిలిచాయి. కాని పల్లెలో చదువురాని అవ్వ సైతం కంఠతా పాడేది ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే. పురుషోత్తమ చౌదరి వంటి వారు మన రాగాలలో, మన తాళాలలో వాటిని కట్టారు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తెలుగు కీర్తనను, కథాగానాన్ని ఆదరించారు. నంద్యాల ప్రాంతపు సంఘాలు ఒకప్పుడు ఆయన అధ్యక్ష మండలంలోనివే. పెంతెకొస్తు దినాన కూడినవారు ఎవరి భాషలో వారు దేవుని మాట విన్నారని మనం చదువుతాము. పిల్లల విషయంలోనూ అంతే. తన భాషలో, తన తాళంలో వచ్చినది హృదయంలో దిగుతుంది.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పుకోవాలి. డప్పు అంటే మన కుటుంబాలలో చాలామందికి సంకోచం. జాతరలలో, చావులలో వెట్టిగా కొట్టించిన వాద్యమది. ఆ అవమానాన్ని తాతలు మరువలేదు. అందుకే పిల్లవాని చేతిలో డప్పు చూస్తే తండ్రి ముఖం చిన్నబోతుంది. విదేశీ అక్కకు ఇది తెలియదు. ఆమెకు ఆ మోత ముచ్చటగా వినిపిస్తుంది, ఫోటో తీయాలనిపిస్తుంది. కనుక ముందు పెద్దలను అడగాలి. వారి కథ వినాలి. అయితే పెద్దలు కూడా ఆలోచించాలి. అవమానం మనుష్యులు పెట్టినది, వాద్యంలో లేదు. ఇష్టంతో వాయించే చేతిని ఎవరూ వెట్టిచేయి అనలేరు.

వలస వెళ్లే ఇంటి పిల్లలు

కర్నూలు పడమటి సీమలో ఆదోని, కోసిగి, ఆలూరు వైపు వానలు తప్పితే ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీతకు కుటుంబాలు కదులుతాయి. పిల్లలు అమ్మానాన్నలతో వెళ్తారు, లేదా అవ్వ దగ్గర ఉండిపోతారు. నెలల తరబడి బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చి వెనుక బల్ల మీద కూర్చుంటాడు. పాఠం అందదు, సిగ్గు పెరుగుతుంది, చివరికి బడి మానేస్తాడు.

అటువంటి పిల్లవానికి పాట, ఆట, బొమ్మ కాలక్షేపం కాదు. లెక్కలలో సున్నా వచ్చినా జొన్నబెండ్లతో ఎడ్లబండి చేయగలడు. ఇంగ్లీషు చదవలేని ఆడపిల్ల కోలాటంలో అడుగు తప్పదు. తరగతిలో అందరి ముందు ఆ నేర్పును మెచ్చుకొనేవారు ఒక్కరుంటే, మరునాడు బడికి రావడానికి ఆ బిడ్డకు ఒక కారణం దొరుకుతుంది. విదేశీ సహాయ టీచరు ఈ మేలు ఎక్కువగా చేయగలరు. ఎందుకంటే ఆమెకు భాష రాదు. ఆమె కూడా వెనుక బల్లవారిలాగే నేర్చుకోవలసిన మనిషి. 'అక్కా, ఇట్లా కాదు, ఇట్లా' అని కోల పట్టడం నేర్పే అవకాశం పిల్లకు వస్తుంది. నేర్పినవారికి సిగ్గు పోతుంది.

బడి పెద్దలకు కొన్ని మాటలు

మీ బడికో, హాస్టలుకో ఇలాంటి అతిథి వస్తే ఈ సంగతులు గుర్తుంచుకొనండి.

మొదటి రెండు వారాలు ఆమెను వినడానికే వదిలిపెట్టండి. పిల్లల ఆటలు, అవ్వల జోలపాటలు, పొలంలో పాడే పాటలు ఆమె విని వ్రాసుకోవాలి.

మన ఊరి ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయురాలో ఎప్పుడూ పక్కన ఉండాలి. పిల్లలను ఎవరితోనూ ఒంటరిగా వదలకూడదు. అతిథి ఎంత మంచివారైనా ఈ కట్టుబాటు మార్చవద్దు. తల్లిదండ్రులు ఒప్పుకొంటేనే ఫోటోలు తీయాలి. వీసా, అనుమతి కాగితాలు చేసే పనికి తగినట్లు ఉన్నాయో లేదో ముందే చూడాలి.

ఖరీదైన రంగులు, కాగితాలు తెప్పించవద్దు. ఆమె వెళ్లాక అవి కొనేదెవరు? బంకమట్టి, జొన్నబెండు, చింతగింజలు, ఎర్రమన్ను, సున్నం మనకున్నాయి. వాటితో నేర్చినది మరుసటి ఏడు కూడా సాగుతుంది.

చివరిగా, వీడ్కోలు సభలో ఇంగ్లీషు పాట ఒకటి పాడించండి, తప్పు లేదు. దానితోపాటు పిల్లలు తమ చేతులతో ఒక నోటుపుస్తకం తయారుచేయాలి. తమ ఊరి పాటలు, పొడుపుకథలు, అవ్వ చెప్పిన కథలు తెలుగులో వ్రాసి, పక్కన బొమ్మలు వేయాలి. అక్క సహాయంతో కింద ఇంగ్లీషులో అర్థం వ్రాయాలి. ఒక ప్రతి ఆమె తీసుకొని వెళ్లాలి. ఒక ప్రతి బడిలో ఉండాలి.

అప్పుడు 'ఏమి మిగిలింది?' అని అడిగితే, పిల్లలు ఆ పుస్తకం తెచ్చి మన చేతిలో పెడతారు.